తండా బడికి 11 శాతం, హైదరాబాద్ బడికి 24: టీచర్ల హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) ఇట్లనే ఉండాల్నా?

దేవరకొండ ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్):
తెలంగాణలో 2020 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం హెచ్‌ఆర్‌ఏ ఊరి జనాభాను బట్టి ఉంటది. 50 లక్షలు దాటిన చోట 24 శాతం, 2 లక్షల పైన 17, 50 వేల నుంచి 2 లక్షల దాకా 13, మిగిలిన అన్ని ఊర్లకు 11. అంటే నల్లగొండ పట్నంలో 13, చందంపేట తండాలో 11. బస్సు రెండు పూటలే వచ్చే బడికి తక్కువ, ఇంటి ముందర ఆటో దొరికే బడికి ఎక్కువ. మారుమూల పనిచేసేవాళ్లకు శాతం పెంచాలె గానీ తగ్గిస్తరా? కొత్త పీఆర్సీలో ఇది మారాలన్నది నా వాదన.

బిల్లుల పద్దు:
సార్, మీ బాధ సరైనదే గానీ అడిగే పద్దు సరైనది కాదు. హెచ్‌ఆర్‌ఏ అద్దె కోసం ఇచ్చేది, కష్టానికి ఇచ్చేది కాదు. ముందు 2025 జూన్ నాటి లెక్క చూద్దాం. కొత్తగా చేరిన ఎస్‌జీటీ బేసిక్ 31,040. డీఏ (కరువు భత్యం) 2025 జూన్‌లో విడుదలైన వాయిదాతో (2023 జనవరి నుంచి రావాల్సినది) 30.03 శాతం, అంటే 9,321. ఐఆర్ (మధ్యంతర భృతి) 5 శాతం, 1,552. హెచ్‌ఆర్‌ఏ 11 శాతం, 3,414. మొత్తం 45,327. అదే టీచర్ హైదరాబాద్‌లో ఉంటే హెచ్‌ఆర్‌ఏ 7,450 అయి మొత్తం 49,363.

కోతల్లో సీపీఎస్ (పింఛను కోసం పట్టుకునేది) బేసిక్, డీఏ కలిపిన దాని మీద 10 శాతం, 4,036. ఐఆర్ మీదా, హెచ్‌ఆర్‌ఏ మీదా సీపీఎస్ పడదు, వాటి మీద డీఏ కూడా కట్టరు. వృత్తి పన్ను 200. ప్రభుత్వ జీవిత బీమా, గ్రూప్ బీమా కోతలు వేరే. కాబట్టి ఊరి వల్ల వచ్చే తేడా నెలకు నాలుగు వేల చిల్లర. హైదరాబాద్ అద్దెల ముందు అదేమీ ఎక్కువ కాదు.

పాలమూరు ఎస్‌ఏ (స్కూల్ అసిస్టెంట్, మ్యాథ్స్):
ఇద్దరూ అసలు తిరకాసు వదిలేసిన్రు. హెచ్‌ఆర్‌ఏని బేసిక్ మీద శాతంగా కట్టడమే తప్పు. 80 వేల బేసిక్ ఉన్న సీనియర్ స్కూల్ అసిస్టెంట్‌కు పల్లెలో 11 శాతమే అయినా 8,800 వస్తది. హైదరాబాద్‌లో కొత్త ఎస్‌జీటీకి 7,450. ఇంటి ఓనరు సర్వీసు చూసి అద్దె చెప్పడు కదా! పైగా కొత్తగా చేరినోళ్లే ఎక్కువగా అద్దె ఇండ్లల్ల ఉంటరు.

2015 స్కేళ్లల్ల శాతాలు 30, 20, 14.5, 12. అప్పుడు ఎస్‌జీటీ మొదటి బేసిక్ 21,230, పల్లెకూ హైదరాబాద్‌కూ తేడా 3,821. తర్వాత శాతాలు తగ్గించినా బేసిక్ పెరిగింది కాబట్టి తేడా 4,036కి పోయింది. శాతాలు సవరిస్తే న్యాయం అయితదనుకోవడం భ్రమ. ఊరి స్థాయిని బట్టి అందరికీ ఒకే మొత్తం పెట్టాలె, డీఏ పెరిగినప్పుడల్లా దాన్నీ పెంచాలె.

దేవరకొండ ఎస్‌జీటీ:
మేడమ్ లెక్క ఒప్పుకుంట. కానీ బిల్లుల పద్దు సార్, హెచ్‌ఆర్‌ఏ అద్దె కోసమే అంటే, తండాలో అద్దెకు ఇల్లే ఉండదు. టీచర్ ఉండేది దేవరకొండలోనో నల్లగొండలోనో. రూలు మాత్రం పనిచేసే చోటునే చూస్తది, ఉండే చోటును కాదు. పట్నం అద్దె కట్టి, బండి పెట్రోలు పోసుకొని, పల్లె హెచ్‌ఆర్‌ఏ తీసుకోవాలె.

మారుమూల బడిలో చేస్తే బదిలీల్లో కేటగిరీ పాయింట్లు ఎక్కువ వస్తయని సముదాయిస్తరు. 2018 తర్వాత సాధారణ బదిలీలు మళ్లీ 2023లోగానీ మొదలుకాలే. అన్నేండ్లు ఆ పాయింట్లు ఏ ఖర్చుకు పనికొచ్చినయి?

బిల్లుల పద్దు:
ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. అయితే డిమాండ్ ఇట్ల పెట్టాలె: నల్లమలలో అమ్రాబాద్ వైపు షెడ్యూల్డ్ (గిరిజన ప్రాంతంగా ప్రకటించిన) గ్రామాల్లో పనిచేసేవాళ్లకు ప్రత్యేక పరిహార భత్యం ఉంది. చందంపేట తండాలు అట్లాంటి కొండల నడుమనే ఉన్నా నల్లగొండ జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు, అందుకే రాదు. రోడ్డు, బస్సు, దూరం చూసి జాబితా తయారుచేసి ఆ భత్యాన్ని విస్తరించమనడం గట్టి డిమాండ్. హెచ్‌ఆర్‌ఏ పెంచమంటే ఆర్థిక శాఖ "అక్కడ అద్దె ఎంత?" అన్న ఒక్క ప్రశ్నతో ఫైలు తిప్పి పంపుతది.

బదిలీ అయినోళ్లు ఒకటి చూసుకోండ్రి. కొత్త శాతం చేరిన రోజు నుంచే లెక్క. ఎల్‌పీసీలో (పాత చోట ఇచ్చే చివరి జీతం పత్రం) పాత శాతం ఉంటది, కొత్త డీడీఓ (జీతం బిల్లు పెట్టే అధికారి: మండల బడికి ఎంఈఓ, హైస్కూలుకు గెజిటెడ్ హెచ్ఎం) మార్చకుండా బిల్లు పెడితే అదే నడుస్తది. 13 నుంచి 11కి వచ్చినోళ్లకు ఎక్కువ పడి, ఆడిట్‌లో ఒక్కసారే రికవరీ పెడతరు. మొదటి నెల పే స్లిప్‌లో హెచ్‌ఆర్‌ఏని బేసిక్‌తో భాగించి చూస్తే చాలు.

పాలమూరు ఎస్‌ఏ (మ్యాథ్స్):
పన్ను సంగతి కూడా కలపండి సార్. కొత్త పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏకి మినహాయింపు లేదు. పాత విధానంలో అద్దె కడుతున్నోళ్లకే, అదీ రసీదుల మీద. సొంతింట్ల ఉన్నోళ్లకు హెచ్‌ఆర్‌ఏ వస్తది గానీ మొత్తం పన్నుకు లోబడే ఉంటది. అద్దె రసీదులు ఫిబ్రవరి జీతం బిల్లు కంటే ముందే డీడీఓకి ఇయ్యాలె, ఆలస్యమైతే రిటర్నులో క్లెయిం చేసుకోవడమే దారి.