ఐరన్ మాత్రలు వాడుతున్నా హిమోగ్లోబిన్ పెరగడం లేదు: మీ అనుభవాలు తెలపండి

మధురవాడ_వాసి:
నాకు ఆరో నెల నడుస్తోంది. నాలుగో నెల నుంచి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన ఎర్ర మాత్ర రోజూ వేసుకుంటున్నా, హిమోగ్లోబిన్ 9.2 దగ్గరే ఆగిపోయింది. గర్భిణికి కనీసం 11 గ్రాములు ఉండాలని, ఇకపై రోజుకు రెండు మాత్రలు వేసుకోవాలని డాక్టరు గారు అన్నారు. ఒక్కదానికే వికారం, మలబద్ధకం వస్తున్నాయి. ఇలాంటి ఇబ్బంది పడినవారు ఏం చేశారో చెప్పగలరు.

గాజువాక_గృహిణి:
పరగడుపున వేసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుందన్న మాట నిజమే గానీ, వాంతిలో పోయిన మాత్ర వల్ల ప్రయోజనం ఏముంది? డాక్టరు గారిని అడిగి, రాత్రి భోజనమయ్యాక కొంత వ్యవధి ఇచ్చి వేసుకుని పడుకునేదాన్ని. విరేచనం నల్లబడితే కంగారు పడకండి, అది మాత్ర వల్లే.

పెందుర్తి_నర్సు:
మాత్ర మార్చమని అడిగే ముందు, దాని వెనకా ముందూ కడుపులోకి ఏం వెళుతోందో చూసుకోండి. ఆ ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి; కానీ టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర, ఎసిడిటీ మందు, వీటిలో ఏది తోడైనా ఆ ఇనుములో కొంత ఒంటికి పట్టకుండానే పోతుంది. ఐరన్, కాల్షియం మాత్రల సంచులు రెండూ ఒకేసారి చేతికి ఇస్తాం కాబట్టి, చాలామంది వాటిని కలిపే మింగేస్తారు. రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. ఉదయం టీ మానమంటే మన విశాఖలో ఎవరూ వినరు, నేనూ చెప్పడం మానేశాను. మాత్రను మాత్రం టీకి దూరంగా, నిమ్మరసంతో వేసుకొమ్మంటాను. నెల రోజులు సరిగ్గా వాడినా ఒక గ్రాము పెరగకపోతే పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి.

సీతమ్మధార_కోడలు:
మా అత్తగారు మాత్రలు వేడి చేస్తాయని, మునగాకు, తోటకూర, రాగిజావ చాలని అంటారు. నిజమేనా అండీ?

పెందుర్తి_నర్సు:
అవన్నీ తినండి, కానీ మాత్ర మానకండి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. మాంసం, చేపల్లోది అంతకంటే బాగా పడుతుంది. ఇప్పటికే తగ్గిపోయిన రక్తాన్ని ప్రసవం లోపల తిండి ఒక్కటే పూడ్చలేదు.

అసిల్‌మెట్ట_అక్క:
నాకు ఎనిమిదో నెలలో కూడా మాత్రలు పడకపోవడంతో, ఆసుపత్రిలో ఉంచి ఐరన్ సుక్రోజ్ అనే, నరం ద్వారా ఇచ్చే ఇనుము మందును సెలైన్‌లో కలిపి విడతలుగా ఎక్కించారు. మొదటి మూడు నెలల్లో దీన్ని ఇవ్వరు.

పాడేరు_ఆడపడుచు:
మధురవాడ చెల్లెమ్మా, మాత్రలు సరిగ్గా వాడినా పెరగకపోతే థలసీమియా, సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బుల లక్షణం (జబ్బు లేకున్నా దాని జన్యువు ఒంట్లో ఉండటం) ఉందేమో చూసే రక్తపరీక్ష గురించి డాక్టరు గారిని అడుగు. మా ఏజెన్సీలో సికిల్‌సెల్ కనబడుతూనే ఉంటుంది. నాకు థలసీమియా లక్షణం ఉందని అలాగే తేలింది. అప్పుడు మా వారికీ వెంటనే అదే పరీక్ష చేయించారు, ఎందుకంటే ఇద్దరికీ ఉంటేనే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. ఆయనకు లేదని వచ్చింది.