భాగహారంలో మధ్య సున్నా వదిలేస్తున్న నాలుగో తరగతి పాప

బెంగళూరులో ఇంగ్లీష్ మీడియం, నాలుగో తరగతి. ఈ వారం క్లాస్ వాట్సాప్ నోట్‌లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం అని ఇచ్చారు. పాప 936 ÷ 4 = 234 తప్పు లేకుండా చేస్తుంది. 824 ÷ 4 ఇస్తే మాత్రం 206 బదులు 26 రాస్తుంది. 612 ÷ 3 కి 204 బదులు 24. 824 లో పదుల స్థానంలోని 2 లో 4 పోదు కదా, అక్కడ భాగఫలంలో సున్నా పెట్టకుండానే పక్క అంకెను దించేసుకుంటుంది. ఎక్కాలు బాగా వచ్చు, సమస్య అది కాదు.

పైన వం, ప, ఒ (వందలు, పదులు, ఒకట్లు) అని గడులు గీసిచ్చాం. గడులున్నంతసేపు సరిగ్గా చేసి, తీసేయగానే మళ్లీ మొదటికే. బొమ్మ నోట్లతో అయితే రెండు పదుల్ని ఇరవై ఒకట్లుగా మార్చి, 24 ని నలుగురికీ పంచి 206 అని తనే చెప్పింది. 26 × 4 చేసి చూడమంటే 104 వస్తుంది, తప్పని ఒప్పుకుంటుంది, కానీ ఎక్కడ తప్పిందో పట్టుకోలేదు. '800 లో 4 అంటే 200 పైనే రావాలి' అన్న అంచనా అడిగితేనే వేస్తుంది. పోనీ 'ప్రతి అంకె దించాక పైన ఒకటి రాయాలి' అని బట్టీ పట్టించవచ్చు, అది మాకిష్టం లేదు.

నోట్లతో అర్థమైన ఆ సున్నా, గడులు లేని కాగితం మీద కూడా తనంతట తను రాసేలా మధ్యలో ఏ మెట్టు వేయించాలి?