మంచి గొంతు, మంచి పాట: జత కుదరకపోతే లోపం ఎక్కడ?

నల్లగొండ శ్రోత:
ఇటీవల మా పట్టణంలో జరిగిన ఒక సభలో, కర్ణాటక సంగీతం శ్రద్ధగా నేర్చుకున్న ఒక యువగాయని గోరటి వెంకన్న గారి ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాడారు. శ్రుతి చెదరలేదు, తాళం తప్పలేదు, ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. అయినా పాట మనసుకు పట్టలేదు. 2002లో ‘కుబుసం’ సినిమాతో ఈ పాట ఊరూరా పాకింది కనుక, పాత గొంతు చెవిలో ఉండగా కొత్త గొంతు ఎవరిదైనా వెలితిగానే ఉంటుందని నా పక్కన కూర్చున్న పెద్దమనిషి అన్నారు. నాకు ఆ సమాధానం చాలలేదు. పల్లవిలో ‘దో’ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆమె ఒక సంగతి (అదే పాదాన్ని కొత్త మెలికతో పాడటం) వేశారు. విడిగా వింటే ఒక్కొక్కటీ ముచ్చటగానే ఉంది. కానీ కుల వృత్తులు కూలిన ఊరి గోడును ఒకదాని వెంట ఒకటిగా, ఊపిరి సలపకుండా చెప్పుకుపోయే పాటలో ఆ సంగతులు మాటకు మాటకు నడుమ అడ్డుగోడలయ్యాయి. లోపం గాయనిదా, ఎంపికదా, లేక వినే మనదా?

పాలమూరు పాటగాడు:
పాత గొంతు అడ్డు వస్తుందన్న వాదన మొదటే వీగిపోతుంది. సుద్దాల హనుమంతు గారి ‘పల్లెటూరి పిల్లగాడా’ తెలంగాణ సాయుధ పోరాట కాలం నాటి పాట. అది 1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమాలో ఆడగొంతులో వినిపించింది, ఇవాళ చాలామందికి ఆ గొంతుతోనే గుర్తుంది. పసులు కాసే పిల్లవాణ్ని ఎదురుగా నిలబెట్టుకుని అడిగినట్టు ఉంటుంది ఆ పాడిన తీరు. మీ గాయని ఎవరిని ఉద్దేశించి పాడారో ఒకసారి ఆలోచించండి. నా అనుమానం, ఆమె సభలోని సంగీతజ్ఞుల కోసం పాడారు.

దేవరకొండ హార్మోనియం:
ఆ సభలో నేనూ ఉన్నాను. మనుషుల ఉద్దేశాలను తవ్వేముందు శ్రుతి విషయం చూడటం మంచిది. హార్మోనియం మెట్ల లెక్కలో మగవారు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవారు ఐదు, ఐదున్నర దగ్గర పాడుతారు. మగగొంతుకు కట్టిన వరుసలో పై షడ్జమం (పై ‘స’) దాటేటప్పుడు గొంతు కాస్త బిగుస్తుంది, ఆ బిగువులోనే పాటలోని ఆవేదన సగం ఉంటుంది. గాయనికి సుఖంగా ఉండేలా శ్రుతి మార్చినప్పుడు ఆ బిగువు పోయి, అదే స్వరం తీరికగా పలుకుతుంది. పైగా ఆమె పాడింది కరోకే ట్రాకు మీద. సంగతి వేసిన చోట ఆమె నిలిచారు కానీ ట్రాకులోని డప్పు నిలవలేదు. తాళం తప్పలేదని మీరు రాసింది నిజమే, అయితే తప్పకుండా ఉండటానికి తరువాతి పాదాన్ని ఆమె గబగబా పలకవలసి వచ్చింది. మన సభల నుంచి వాద్యకారులను తప్పించి పెన్‌డ్రైవులు పెట్టుకున్న ఫలితం ఇది. (నా కడుపుమంట కూడా ఇందులో కొంత ఉందని అనుకుంటే అనుకోండి.)

అచ్చంపేట చదువరి:
ఈ చర్చలో నాకు ఒక పక్షపాతం కనిపిస్తోంది. ఆర్కెస్ట్రాలో జానపద గాయకుడు ఎవరైనా ‘శివశంకరీ’ ఎత్తుకుని దర్బారీ కానడ రాగం మలుపుల దగ్గర తడబడితే, పాటకూ గొంతుకూ పొత్తు కుదరలేదని మనం అనము, ఆయనకు చేతకాలేదని అంటాము. అదే శాస్త్రీయ గాయని పల్లెపాటలో తడబడితే మాత్రం, గొంతు మంచిదే, పాట మంచిదే, ఎక్కడో కుదరలేదని సర్దిచెప్పుకుంటాము. పల్లెపాటకూ ఒక విద్య ఉంది, అది ఆమెకు ఇంకా రాలేదు అని ఎందుకు అనకూడదు? మా వైపు దర్శనం మొగిలయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగవాద్యం మీద కథ చెప్పేటప్పుడు ఎక్కడ పాటను మాటలోకి దించాలో, ఎక్కడ తీగను ఒంటరిగా వదలాలో తెలిసి చేస్తారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది ఆ విద్యకే. ‘భీమ్లా నాయక్’ పాటలో ఎత్తుగడను ఆయన గొంతుకే ఉంచి, ఆ తరువాతే మిగతా గాయకులకు అప్పగించారు. అది వివేకమైన పని.

నల్లగొండ శ్రోత:
చదువరి గారి మాటతో ప్రశ్న సూటిగా తేలింది. గొంతు ఒక్కటే ఉంటుంది కానీ విద్యలు వేరు. అయితే హార్మోనియం మిత్రులను ఒకటి అడగాలి. ట్రాకు తీసేసి, ఒక్క డప్పు పెట్టి, అదే గాయని చేత అదే పాట పాడిస్తే కుదురుతుందా? నా అంచనా, కుదరదు. వెంకన్న గారు పాడేటప్పుడు జనం పల్లవి అందుకుంటారు. సంగతులతో నిండిన పల్లవిని జనం అందుకోలేరు, విని ఊరుకుంటారు.

దేవరకొండ హార్మోనియం:
కుదురుతుంది. శ్రుతి ఒక అర పెంచండి, గొంతు కాస్త కష్టపడనివ్వండి. వెనుక వంతకు ఇద్దరిని నిలబెట్టండి. పల్లవిలో వంతవాళ్లు అందుకుంటే, ‘దో’ దగ్గర సంగతి వేయడానికి ఆమెకు జాగానే మిగలదు.