చిన్న పిల్లలకు సంయుక్త వాక్యాలు ఎలా నేర్పాలి?

ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు తెలుగు చెబుతున్నాను. రెండు సామాన్య వాక్యాలను 'కానీ', 'కాబట్టి', 'లేదా' వంటి పదాలతో కలిపి సంయుక్త వాక్యం చేయడం నేర్పబోతే రెండు చిక్కులు ఎదురవుతున్నాయి. అనుభవజ్ఞులు దారి చూపగలరని ఆశిస్తున్నాను.

మొదటిది, 'రవి వచ్చాడు. రవి పాట పాడాడు.' అని రాసి కలపమంటే, తరగతి మొత్తం 'రవి వచ్చి పాట పాడాడు' అంటుంది. అది చక్కని తెలుగే, పైగా మన భాషకు సహజమైన పద్ధతి. కానీ 'వచ్చి' అనే అసమాపక క్రియ (తనంతట తాను వాక్యాన్ని ముగించలేని క్రియ) చేరడం వల్ల అది సంయుక్త వాక్యం కాక సంక్లిష్ట వాక్యం అవుతుంది. పిల్లలను తప్పుపట్టకుండా ఈ తేడా ఎలా చెప్పాలి? 'మరియు' పెట్టించడానికి మాత్రం నాకు మనసొప్పడం లేదు, మాట్లాడేటప్పుడు ఎవరూ అలా అనరు కదా.

రెండోది, ఒక పాప 'వాన కురిసింది కానీ మేము ఆడుకోలేదు' అని రాసింది. 'కాబట్టి' కారణానికి ఫలితాన్ని, 'కానీ' అనుకున్నదానికి భిన్నంగా జరిగినదాన్ని చెబుతాయని వివరించాను. తల ఊపింది గానీ, మరుసటి రోజు మళ్లీ అలాగే రాసింది. వాక్యాలను అట్టముక్కల మీద రాసి, మధ్యలో సరైన పదం పెట్టించే ఆట ఆడిస్తే ఫలితం ఉంటుందా? ఈ పదాల్లో ముందుగా దేనితో మొదలుపెట్టడం మేలు?