టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలవారు అచ్చు పుస్తకానికి బదులు ఆన్‌లైన్ సరుకుకు డబ్బు ఇస్తారా?

పాచికలపెట్టె:

డాలస్‌లో మేము 6గురు మిత్రులం ఐదేళ్ళుగా శనివారం రాత్రుళ్ళు ఒకరి ఇంట్లో చేరి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆడుతున్నాము, అంటే ఒక్కొక్కరం ఒక పాత్రగా మారి పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట. కథ చెబుతూ ఆట నడిపే గేమ్ మాస్టర్‌ను నేనే. ఆట కోసం రాసుకున్న అడ్వెంచర్లలో (ఆడే కథలలో) ఒకదాన్ని శుభ్రంగా తిరగరాసి, పటాలు గీయించి, 60 పేజీల పుస్తకంగా అమ్మాలని అనుకుంటున్నాను. అచ్చు వేయించాలా, ఆన్‌లైన్‌లో మాత్రమే ఉంచాలా అన్న దగ్గర ఆగిపోయాను. మా బల్ల చుట్టూ కూర్చునేవారిని చూస్తే నాకు లెక్క అందడం లేదు. 50 డాలర్ల రూల్‌బుక్‌ను అట్ట మీది బొమ్మ చూసి కొనేసే మిత్రుడే 5 డాలర్ల పీడీఎఫ్ దగ్గరకు వచ్చేసరికి ఎక్కడైనా ఉచితంగా దొరుకుతుందేమోనని వెతుకుతాడు. ఆట నియమాలు, పాత్రల షీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే డీ అండ్ డీ బియాండ్‌కు మాత్రం నెలనెలా చందా కడుతున్నాడు. అసలు వీరు దేనికి డబ్బు ఇస్తున్నట్టు?

పాతసంచిక:

మీ మిత్రుడు చందా కట్టేది లెక్కల పని తప్పుతుందని. ఇది ఒకసారి పెద్ద ఎత్తున తేలిన విషయమే. 1976లో మొదలైన డ్రాగన్, 1986లో మొదలైన డంజన్ అనే ఈ ఆట పత్రికల అచ్చు సంచికలు 2007 సెప్టెంబరుతో ఆగిపోయాయి. వాటి హక్కులు గల, ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2008లో ఆట నియమాల నాలుగో ఎడిషన్‌తో పాటు డీ అండ్ డీ ఇన్‌సైడర్ అనే చందా పథకాన్ని తెచ్చి, రెండు పత్రికలనూ అందులో ఆన్‌లైన్‌లో ఇవ్వసాగింది. ఆ చందాలోనే క్యారెక్టర్ బిల్డర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చేది.

నాలుగో ఎడిషన్ ఆడినవారికి తెలుస్తుంది: పాత్ర స్థాయి పెరుగుతూ ఉంటే కొత్త శక్తులు ఎంచుకోవాలి, ప్రతిదానికీ దాడి లెక్క, దెబ్బ లెక్క మళ్ళీ వేసుకోవాలి, పైగా ప్రచురణకర్తలు విడుదల చేసే సవరణలను గుర్తుపెట్టుకోవాలి. పెన్సిలు, రబ్బరు పట్టుకుని పాత్ర వివరాల షీటు నింపడం ఆటను మించిన పని అయ్యేది. ఆ సాఫ్ట్‌వేర్ అన్ని పుస్తకాలలోని ఎంపికలనూ ఒకచోట చూపించి, లెక్కలు తానే కట్టి, షీటు చేతికిచ్చేది. నేను మూడేళ్ళు చందా కట్టాను గాని, ఆ కాలంలో మొదటి నుంచి చివరి దాకా చదివిన డ్రాగన్ సంచికలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. (మా అమ్మ వారపత్రికల నుంచి సీరియళ్ళు కత్తిరించి, బైండు చేయించి, బీరువాలో దాచుకున్న మనిషి. అదే ఇంట్లో పెరిగిన నాకు తెర మీది పత్రికను దాచుకోవాలని ఒక్కనాడూ అనిపించలేదు.) 2013 చివర ఆ ఆన్‌లైన్ పత్రికలు కూడా ఆగిపోయాయి. సాఫ్ట్‌వేర్ చందా మాత్రం ఆ తరువాత కూడా కొన్నేళ్ళు నడిచింది.

అట్టపుస్తకం:

పాతసంచిక గారు చెప్పింది నిజమే గాని, అది సగమే. వెసులుబాటుకు డబ్బు కట్టినవారు తరువాత ఏం పోగొట్టుకున్నారో కూడా చూడాలి. 2009 ఏప్రిల్‌లో అదే సంస్థ దొంగ ప్రతుల బెడదను కారణంగా చూపి తన పీడీఎఫ్‌లన్నింటినీ అమ్మకం నుంచి ఉపసంహరించింది. అప్పటికే సొమ్ము చెల్లించి కొన్నవారికి సైతం వాటిని అమ్మిన ఆన్‌లైన్ దుకాణాల నుంచి మళ్ళీ దించుకునే వీలు పోయింది. 2024లో కొత్త నియమావళి వస్తున్నప్పుడు, డీ అండ్ డీ బియాండ్‌లోని షీట్లలో పాత మంత్రాల స్థానంలో కొత్తవి పెడతామని ప్రకటించి, ఆటగాళ్ళు మండిపడ్డాక వెనక్కు తగ్గింది. నా అలమరలోని 2014 నాటి రూల్‌బుక్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో రాత్రికి రాత్రి ఒక్క అక్షరం కూడా మారదు. అందుకే నేను అచ్చుకే డబ్బు పెడతాను.

కూకట్‌పల్లి క్లెరిక్:

మా బృందంలో ఇద్దరం హైదరాబాదులో, ఒకరు విశాఖలో, ఇద్దరు న్యూజెర్సీలో ఉన్నాము కాబట్టి మాకు బల్ల అన్నదే లేదు. ఆట అంతా ఫౌండ్రీ అనే ఆన్‌లైన్ ఆటబల్ల సాఫ్ట్‌వేర్‌లో సాగుతుంది. దాన్ని గేమ్ మాస్టర్ ఒకసారి కొంటే చాలు, ఆటగాళ్ళు ఏమీ కట్టనక్కరలేదు. అచ్చు పుస్తకం ఇక్కడికి తెప్పించుకుంటే రవాణా ఖర్చే పుస్తకం ధరతో పోటీ పడుతుంది. అందువల్ల పీడీఎఫ్ కొని, అవసరమైన పేజీలను జిరాక్సు షాపులో ముద్రించి స్పైరల్ బైండింగ్ చేయించుకుంటాను. ఫోనులో రెండు కాలమ్‌ల పేజీ చదవడం కంటికి శిక్ష.

పాచికలపెట్టె:

అందరికీ కృతజ్ఞతలు. అట్టపుస్తకం గారి అభ్యంతరం రూల్‌బుక్‌కు సరిపోతుందని నాకు అనిపిస్తోంది. ఒకసారి ఆడి ముగించే అడ్వెంచర్‌కు కూడా అదే వర్తిస్తుందా?

పాతసంచిక:

అంతగా వర్తించదు. ఆటగాళ్ళు ముందే చదివితే ఆట చెడుతుంది కనుక, ఒక బల్లకు ఒక్క గేమ్ మాస్టరే అడ్వెంచర్‌ను కొంటారు. మీ కొనుగోలుదారు ఎప్పుడూ 6గురిలో ఒకరే, అదీ శుక్రవారం రాత్రి మరునాటి ఆటకు సిద్ధమవుతూ తీరిక లేక కొట్టుకునే మనిషి. ఆయనకు కావలసింది చదరాలు గీసిన పటం విడి ఫైలుగా ఒకటి, గళ్ళు, రహస్య ద్వారాల గుర్తులు లేకుండా ఆటగాళ్ళకు చూపగల పటం మరొకటి, రాక్షసుల వివరాలు అవి ఎదురయ్యే పేజీలోనే. ఇవి ఇస్తే పీడీఎఫ్‌కు నిస్సంకోచంగా డబ్బు ఇస్తారు.

దొంగ ప్రతుల గురించి మరీ భయపడకండి. పైజో సంస్థ 2009లో పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఆటను తెచ్చినప్పుడు 576 పేజీల అచ్చు పుస్తకాన్ని సుమారు 50 డాలర్లకు, దాని పీడీఎఫ్‌ను 10 డాలర్లకు అమ్మింది. ఆ నియమాలను ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. అయినా ఆ పుస్తకం అమ్ముడుపోయింది.

ఎక్కడ అమ్మాలన్నది మాత్రం తొందరపడకుండా చూసుకోండి. డీ అండ్ డీ అభిమానుల రచనలు అమ్మే డీఎంస్ గిల్డ్ సైటులో పెడితే ఫర్గాటెన్ రెల్మ్స్ వంటి ఆ ఆటలోని ప్రసిద్ధ కల్పిత లోకాలను వాడుకోవచ్చు గాని, అమ్మకంలో సగమే రచయితకు దక్కుతుంది, అదే రచనను మరోచోట అమ్మకూడదు. మీ కథ మీ సొంత లోకంలో జరిగేదైతే ఆ అవసరమే లేదు: 2023 జనవరి 27న విజార్డ్స్ సంస్థ, ఇతరులు ఆట నియమాలను వాడుకునే లైసెన్సు మార్పుపై చెలరేగిన నిరసనలో ఎందరో చందాలు రద్దు చేసుకున్నాక, ఆట మూల నియమాల పత్రమైన ఎస్‌ఆర్‌డీ 5.1ను క్రియేటివ్ కామన్స్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేసింది. మూలాన్ని పేర్కొంటే చాలు, ఎక్కడైనా అమ్ముకోవచ్చు.

పాచికలపెట్టె:

మాది సొంత లోకమే. ముందు పీడీఎఫ్, పటాలు విడిగా. అచ్చు కావాలన్నవారికి అడిగినప్పుడే ఒక్కో ప్రతి ముద్రించే పద్ధతిలో. రహస్య ద్వారాలు చెరిపిన పటం నా దగ్గర లేదు, ఈ వారం అదే గీయించాలి.