పాత చెక్క బాతుకి కొత్త రంగు వేయొచ్చా?

ఎడిసన్ వాసి:
నమస్కారమండీ. పోయిన శనివారం మా న్యూజెర్సీలోనే టామ్స్ రివర్ దగ్గర ఒక ఎస్టేట్ సేల్‌కి, అంటే ఇంట్లో సామానంతా అమ్మేసే చోటికి, కుర్చీల కోసమని వెళ్లి, చెక్క బాతుతో ఇంటికొచ్చాను. 60 డాలర్లు. వేటగాళ్లు నిజం బాతుల్ని రప్పించడానికి నీళ్ల మీద వదిలే డికాయ్ అట. ముదురు గోధుమ రంగు. ముక్కు చివర చిట్లింది, రంగు పొలుసులుగా లేస్తోంది, అడుగున రెండు అక్షరాలు కాల్చి వేసిన ముద్ర ఉంది. అమ్మినావిడ "ఇది హ్యారీ షౌర్డ్స్ చేసింది" అంది గానీ కాగితం ఏమీ ఇవ్వలేదు. ఉప్పు కాగితంతో రుద్ది, రంగేసి, వార్నిష్ కొట్టిద్దాం అంటోంది మా ఆవిడ. ఈ వస్తువుల గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

కొయ్యపిచ్చి:
అన్నా, ముందు ఆ ఉప్పు కాగితం పక్కన పడెయ్యండి! రెండు కారణాలు. పాత రంగంటే అందులో సీసం ఉండొచ్చు. రుద్దితే లేచే దుమ్ము మీ పిల్లల ఊపిరితిత్తుల్లోకే. రెండోది, వీటిని కొనేవాళ్లు మొదట చూసేది రంగునే. చేసినవాడు వేసిన రంగు ఎంత మిగిలుంటే అంత విలువ. ముక్కు విరిగినా, ఒళ్లంతా తుపాకీ రవ్వల చిల్లులున్నా సర్దుకుంటారు. నిన్న మొన్న వేసిన రంగుని మాత్రం ఎవరూ క్షమించరు.

సరే, ఇప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. సైజుకి తగ్గ బరువుందా, లేక తేలిగ్గా ఉందా? వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తోందా? పొట్ట చుట్టూ అడ్డంగా సన్నటి అతుకు గీత కనిపిస్తోందా? నీళ్లలో బోర్లా పడకుండా అడుగున బరువుకి పెట్టే సీసం ఎలా పెట్టారు?

ఎడిసన్ వాసి:
తేలిగ్గానే ఉంది. డొల్లే. గీత కూడా ఉంది, మీరు చెప్పాకే కనపడింది. అడుగున దీర్ఘచతురస్రంగా గాడి తొలిచి సీసం పోసినట్టుంది.

కొయ్యపిచ్చి:
అయితే అది మీ న్యూజెర్సీ పద్ధతే. బార్నెగాట్ బే వేటగాళ్లు స్నీక్‌బాక్స్ అనే చిన్న పడవలో వెళ్లేవాళ్లు. 12 అడుగులు ఉంటుందేమో. అందులో మనిషి, తుపాకీ, డజన్ల కొద్దీ డికాయ్‌లు పట్టాలి. అందుకని అక్కడి చిత్తడి అడవుల్లో దొరికే వైట్ సీడార్‌ని రెండు చెక్కలుగా తీసుకుని, లోపల తొలిచేసి, మళ్లీ అతికేవాళ్లు.

ఇక షౌర్డ్స్ సంగతి. డికాయ్‌లు చెక్కడంలో పేరున్నవాడు. న్యూజెర్సీలోనే టకర్టన్ అనే ఊళ్లో ఉండేవాడు, 1861లో పుట్టి 1920లో పోయాడు. వృత్తికి ఇళ్లకు రంగులేసేవాడు. అలా సీసం పోయడం ఆయన పద్ధతే, కానీ ఆయనొక్కడిదే కాదు, చుట్టుపక్కల చెక్కేవాళ్లూ అలాగే చేశారు. దాన్నొక్కదాన్నే చూసి పేరు పెట్టేయొద్దు. ఇంకో చిక్కు కూడా ఉంది. కొడుకూ చెక్కాడు, మనవడూ చెక్కాడు. మనవడి పేరు కూడా హ్యారీ వి. షౌర్డ్సే! ఆయనకి 1989లో నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చారు, జానపద కళాకారులకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే గౌరవం అది. అమ్మినావిడ చెప్పింది ఏ హ్యారీనో ముందు తేలాలి. ఆ కాల్చిన అక్షరాలు కూడా చెక్కినవాడివే అనుకోకండి. చాలాసార్లు అవి బాతుల సొంతదారైన వేటగాడివో, వేట క్లబ్బువో అయి ఉంటాయి.

మేరీల్యాండ్ మామయ్య:
తమ్ముడూ, నా తప్పు చెప్తాను, విని బాగుపడు. నా దగ్గర మా మేరీల్యాండ్‌లోని హావ్రె డి గ్రేస్ ఊరి వైపు చేసిన కాన్వాస్‌బ్యాక్, అంటే తెల్ల వీపు బాతు రకం డికాయ్, ఒకటుంది. మా వైపువి డొల్లవి కావు, గట్టి చెక్క. మాడిసన్ మిచెల్ అని ఆ ఊళ్లో పేరున్న పనివాడు. ఒకవైపు అంత్యక్రియలు జరిపించే వ్యాపారం, మరోవైపు బాతులు చెక్కడం! నాది ఆయనది కాదులే, ఆ తరహాది. దుమ్ముగా ఉందని నిమ్మనూనె పూశాను. వారం తిరిగేసరికి పొడిపొడిగా ముద్దొచ్చే ఆ పాత తెలుపు కాస్తా జిడ్డు పసుపైపోయింది. పదేళ్లయింది, ఇంకా వదల్లేదు. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులుపు, చాలు. పొలుసులు లేస్తున్నచోట అదీ వద్దు.

చదువరి:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. వేటకి ఎరగా పెట్టే జంతువుకి మన పాత తెలుగులో "దీమం" అనే మాట ఉంది. మన వేటగాళ్ల దీమం ప్రాణమున్నదైతే, వీళ్లది చెక్కది. చెక్కకంటే ముందు రెల్లు లాంటి తుంగతో చేశారు. నెవాడాలో లవ్‌లాక్ గుహలో 1924లో దొరికిన బాతులు రెండు వేల ఏళ్ల నాటివి. వాటిని చేసినవాళ్లు అక్కడి ఆదివాసులు.

ఎడిసన్ వాసి:
దీమం! బాగుంది మాట. మరి ఇది నిజంగా పాతదో, పాతదిలా అరగదీసిందో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

కొయ్యపిచ్చి:
కొంతవరకు తెలుస్తుంది. వాడిన డికాయ్ అరిగేచోట్లే అరుగుతుంది. పట్టుకునే తల, పడవలో ఒకదానికొకటి తగిలే తోక, ముక్కు, లంగరు తాడు చుట్టే మెడ. ఒళ్లంతా సమానంగా అరిగి ఉంటే ఎవరో కూర్చుని అరగదీశారన్న మాట. భూతద్దంతో రవ్వల చిల్లుల్లోకి చూడండి. చిల్లు లోపల కూడా రంగుంటే, దెబ్బ తిన్నాక మళ్లీ రంగేశారని అర్థం. కంగారు పడకండి, వేటగాళ్లే సీజన్‌కి ముందు ఇంట్లో ఉన్న రంగు పూసేవాళ్లు. పాత రంగు దాని కింద ఉండొచ్చు, అందుకే గీకొద్దు. చీకట్లో యూవీ టార్చ్ వేస్తే తర్వాత అతికిన ముక్కు, కొత్త రంగు చాలాసార్లు వేరేగా మెరుస్తాయి. ప్లస్ గుర్తు స్క్రూ కనిపించిందా, అది 1930ల తర్వాతి చెయ్యే. బాతు ఆ కాలందైనా కావాలి, లేదా ఆ తర్వాత ఎవరో బాగు చేసైనా ఉండాలి.

ఎడిసన్ వాసి:
రాత్రి చూశాను. రెండు చిల్లుల్లో రంగుంది, మూడోదాంట్లో లేదు, వట్టి చెక్క. స్క్రూలు లేవు. కోటీశ్వరుణ్ని అయ్యే అవకాశం ఉందా అన్నా? :)

కొయ్యపిచ్చి:
2007లో మసాచుసెట్స్ వాడు ఎల్మర్ క్రోవెల్ చేసిన రెండు డికాయ్‌లు ఒక్కొక్కటి 11 లక్షల 30 వేల డాలర్లకి పోయాయి. ఆ వార్త చదివినవాళ్లందరూ అటకలు వెతికారు. మామూలువి వందల్లోనే ఉంటాయి. మీ చిల్లుల లెక్క ప్రకారం రంగు వేశాక కూడా అది వేటకి వెళ్లింది. ఇంకా పై రంగు కింద ఏముందో చూడకుండా ధర చెప్పడం తప్పు. టకర్టన్‌లో సెప్టెంబరులో డికాయ్‌ల మేళా జరుగుతుంది. తీసుకెళ్లి నలుగురు పెద్దవాళ్లకి చూపించండి. అప్పటిదాకా ముక్కుని కూడా అతికించొద్దు. పొలుసులు లేచే రంగుకి బబుల్ రాప్ తగలకుండా, లోపల మెత్తటి తెల్ల టిష్యూ చుట్టి పట్టుకెళ్లండి.

ఎడిసన్ వాసి:
మా ఆవిడని ఒప్పించాను, రంగు వద్దంది. కానీ దేవుడి గూడు పక్కనున్న కిటికీ గట్టు మీద పెడతానంటోంది.

మేరీల్యాండ్ మామయ్య:
కిటికీ వద్దు, ఎండకి రంగు పోతుంది. దీపం పొగా వద్దు. హీటర్ గాలి వచ్చే చోట అస్సలు పెట్టకు, చెక్క ఎండిపోయి ఆ అతుకు విచ్చుకుంటుంది. హాల్లో లోపలి గోడకి అల్మరా ఉంటే మధ్య అరలో పెట్టు. పై అరలో పెడితే పిల్లలు కుర్చీ ఎక్కుతారు.