ఇంటి ముందు ముగ్గు, లారీ మీద పూలతీగ: ఇవీ కళేనా?

పటమట పాఠకుడు:
"నేర్చుకుని గీసి, ప్రదర్శనకు పెట్టిందే కళ, మిగతాదంతా అలవాటు" అని ఒక మిత్రుడు తేల్చేశాడు. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆటోనగర్‌లో లారీ బాడీ షెడ్ల వెంట ఒకసారి నడిచి చూడండి. ఓనరుకు కావాల్సింది క్యాబిన్ మీద పేరు, వెనక 'సౌండ్ హారన్'. అక్షరం పక్కన నీడ లేకపోయినా లారీ తిరుగుతుంది. అయినా పెయింటరు వేస్తాడు. మొదటి అక్షరానికి నీడ ఏ వైపు పడితే చివరి అక్షరం దాకా ఆ వైపే పడాలి, లేకపోతే వాడికి తోచదు. అవసరానికి మించి పెట్టిన ఆ శ్రద్ధనే నేను కళ అంటాను. మీరేమంటారు?

గుంటూరు డ్రాయింగ్ మాస్టారు:
మీ మిత్రుడి వైపే నేను. చెయ్యి తిరగడానికి ఏళ్లు పడుతుంది. "అంతా కళే" అనడం వినడానికి బాగానే ఉంటుంది, కానీ దాని వెనకే "ఏముందండీ, గోడ మీద ఓ బొమ్మ వేసిపెట్టండి" అని వస్తారు, డబ్బుల మాట ఎత్తరు. ఫ్లెక్సీలు వచ్చాక చేత్తో బోర్డులు రాసేవాళ్ల పని పోయింది. కళ కదా, నిలబెట్టుకుందాం అని ఎన్ని షాపులవాళ్లు అనుకున్నారు? వెల కట్టని చోట కళ అన్న పేరు పెడితే తినేది ఏమిటి?

మంగళగిరి కోడలు:
మాస్టారూ, డబ్బు సంగతి సరే. అలవాటు అన్న మాట మాత్రం నేను పడను. మెలికల ముగ్గు ఎప్పుడైనా వేశారా? 7 చుక్కలు, 1 వచ్చేదాకా సందు చుక్క. గీత చుక్కను తాకకూడదు, ప్రతి చుక్కనూ చుట్టి బయల్దేరిన చోటికే రావాలి. ఒక్క మలుపు తప్పితే ఎక్కడో ఒక చుక్క ఒంటరిగా మిగులుతుంది, లేదా గీత మధ్యలోనే మూసుకుపోతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి ఒకే ధారగా జారాలి. చెయ్యి ఆగితే అక్కడ ముద్ద పడుతుంది, తొందరపడితే గీత తెగుతుంది. చెరిపి దిద్దడానికి రబ్బరు లేదు, కళ్లాపి తడి ఆరేలోపు అయిపోవాలి. మద్రాసులో గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, కమలా కృతివాసన్ ఇలాంటి కోలాల (తమిళ ముగ్గుల) మీదే 1974లో కంప్యూటర్ శాస్త్ర పత్రం రాశారు. అంత లెక్క ఉన్న పనిని మా అత్తగారు కాగితం చూడకుండా వేస్తారు. గడప ముందు అంటించే స్టికరును మాత్రం నేను ముగ్గు అనను. అందులో వేసినవాళ్లు లేరు.

కొండపల్లి దారి:
కొండపల్లి బొమ్మలవాళ్ల సంగతీ చూడండి. తెల్లపొణికి కర్రను వేడి చేసి తేమ తీస్తారు. చేతులూ తలా విడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆపైన సుద్ద, తర్వాత రంగులు. చేసిన అంబారీ ఏనుగునే మళ్లీ మళ్లీ చేస్తారు. ఇదీ పొట్టకూటి పనే. కళ కాదని మాస్టారు అనగలరా?

బెజవాడ వన్‌టౌన్:
ఒక పాత సాక్ష్యం. అమరావతి స్తూపానికి చెందిన, పూర్ణఘటం (నిండు కుండ) చెక్కిన ఒక పలక మీద దాత పేరుంది: విధికుడు, చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి ఇచ్చిన దానం. తోలుపని చేసేవాళ్ల ఇంటి సొమ్ముతో ఆ శిల్పం లేచింది. ఆ పలక మీద చెక్కినవాడి పేరు మాత్రం లేదు. కనుక మాస్టారి బాధా నిజమే. మామూలు జనానికి కళతో పనిలేదని ఎవరైనా అంటే మాత్రం ఆ మాట నిలవదు.

గుంటూరు డ్రాయింగ్ మాస్టారు:
కొండపల్లి బొమ్మను కాదనను, దానికి వెల ఉంది. ముగ్గు దగ్గరే నా పేచీ. నిజంగా కళే అయితే సంక్రాంతి పోటీలో కుక్కరు చేతిలో పెట్టి పంపేయడమేమిటి? బడిలో డ్రాయింగు పీరియడ్‌లో నేర్పాలి. నా క్లాసులో నేను మొదలుపెడతాను. అమ్మా, పిల్లలకు ఏ ముగ్గుతో మొదలుపెట్టమంటారు?

మంగళగిరి కోడలు:
5 సందు చుక్కతో మొదలుపెట్టించండి మాస్టారూ. ముందు నేల మీద వేలితో ఉత్తినే తిప్పించండి, పిండి తర్వాత ఇవ్వండి. మగపిల్లల్ని పక్కన కూర్చోబెట్టొద్దు, వాళ్లతోనూ వేయించండి.